బొట్టు పెట్టిన టార్చి

మంగళ, శుక్రవారాల్లో మా అక్కను డయాలసిస్‌కు తీసుకెళ్ళి తీసుకొచ్చే పని నాది. హైదరాబాదు పాతబస్తీలో ఆమె ఇల్లు హుస్సేనీ ఆలంలో, మాది ఛత్రినాకలో. నాలుగు గంటలు సూదులతో పడుకుని లేచిన మనిషికి కాళ్ళలో సత్తువ ఉండదు. ఆమె గల్లీ ఇరుకని క్యాబ్‌వాళ్ళు మెయిన్‌రోడ్డు మీదే దింపి వెళ్ళిపోయారు. ఒకసారి కాదు, మూడుసార్లు. తేదీలు నా పుస్తకంలో ఉన్నాయి. ఆ తరువాతే ఈ పని నేను చేపట్టాను.

ఉద్యోగంలో ఉన్న ముప్పై ఏళ్ళూ ఒక కర్మాగారం స్టోర్స్‌లో సరుకు పరీక్షించడం నా విధి. కళ్ళతో చూడకుండా, చేత్తో పట్టకుండా ఏ సరుకుకూ సంతకం పెట్టలేదు. కారుకూ అదే పద్ధతి. ప్రతి నెలా ఒకటో తేదీన టైర్లలో గాలి, స్టెప్నీ, జాకీ, పానా, టార్చి చూసి పుస్తకంలో రాస్తాను. ఈ అక్టోబరు ఒకటో తేదీ పేజీలో టార్చికి ఎదురుగా ‘వెలిగింది’ అని ఉంది.

అది అబద్ధం కాదు. అయినా దసరా వెళ్ళి వారం తిరగకముందే, ఒక శుక్రవారం సాయంత్రం, ఆసుపత్రి నుంచి వస్తుండగా వాన పట్టుకుంది. కరెంటు పోయింది. అక్క ఇల్లు ఇంకా రెండు మలుపులు ఉందనగా ముందు టైరు పంక్చరైంది. డ్యాష్‌బోర్డు అరలోంచి టార్చి తీసి నొక్కాను. వెలగలేదు. మళ్ళీ నొక్కాను. అరచేత్తో కొట్టి నొక్కాను. నా ఫోను అక్క చేతిలో కాసేపు వెలిగి, చార్జింగ్ అయిపోయి ఆరిపోయింది.

చివరికి వెనక వచ్చిన ఒక ఆటో డ్రైవరు బండి ఆపి, హెడ్‌లైటు మావైపు తిప్పాడు. ఆ వెలుతురులోనే టైరు మార్చాను. పని అయ్యేదాకా అతను ఓపికగా నిలబడి, వెళ్ళబోతూ అన్నాడు.

“ఏం చాచా, కారు కొన్నరు గని టార్చి కొనలేదా?”

వెలగని టార్చి నా చేతిలోనే ఉంది. ఇలాంటి మాట ఎవరిచేతా అనిపించుకోకూడదనే నేను పుస్తకం పెట్టుకున్నది.

ఇంటికి వచ్చాక మా అబ్బాయి గొంతు పెంచకుండానే తీర్పు చెప్పాడు.

“బాపు, ఇగ చాలు. నువ్వు బండి తియ్యకు. అత్తమ్మకు క్యాబ్ బుక్ చేస్త. రోడ్డు మీద నడిపిచ్చినా, వానల చీకట్ల కూసుండబెట్టుడు కంటె నయమే.”

వాడిది కోపం కాదు, భయం. అందుకే సమాధానం చెప్పడం కష్టమైంది. మర్నాడు ఫోనులో ఈ సంగతి విన్న అక్క, “గట్లయితే వారానికి ఒక్కపారే పోత తియ్యి. మీకు లొల్లి ఎందుకు?” అంది, కూర వద్దన్నంత తేలిగ్గా. ఆ రెండోసారి మానేస్తే ఆమె ఒంట్లో ఏం జరుగుతుందో డాక్టరు నాకు విడమరిచి చెప్పి ఉన్నాడు. దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు.

అబ్బాయితో ఒప్పందానికి వచ్చాను. అంతే చీకటిలో, మూడో మనిషి సాయం లేకుండా, అక్కా నేనూ కలిసి టైరు మార్చి చూపాలి. మార్చగలిగితే బండి నాది. లేకపోతే తాళం వాడికి ఇచ్చేయాలి. పదిరోజులు గడువు. అంతవరకు తానే ఆఫీసులో అనుమతి అడిగి అక్కను తీసుకెళ్తానన్నాడు.

మొదట ఆ టార్చి అమ్మినవాడి సంగతి తేల్చుకోవాలనుకున్నాను. మా బజారులో మూడు తరాలుగా ఎలక్ట్రిక్ సామాను అమ్ముతున్న కుటుంబం వాళ్ళది. పుస్తకం, టార్చి రెండూ గల్లా మీద పెట్టి, ఒకటో తేదీన వెలిగిన వస్తువు రెండు వారాలకే చచ్చిపోవడానికి కారణం ఏమిటని అడిగాను. అలాంటి సరుకును మా స్టోర్స్‌లో గేటు దాటనిచ్చేవాళ్ళం కాదని కూడా చెప్పాను. దుకాణదారు ఒక పాత పేపరు పరిచి, స్విచ్ భాగం విప్పి దాని మీద తట్టాడు. ఎర్రగా, పసుప్పచ్చగా గట్టిపడిన పెళ్ళ ఒకటి రాలింది.

“పెద్దసార్, దసరకు బొట్టు పెట్టిన్రా దీనికి?”

పెళ్ళను చేత్తో పట్టి చూశాను. వేలికి ఎరుపు అంటింది.

“మేం గూడ పెడ్తం సార్. గల్లాకు పెడ్తం, కాంటాకు పెడ్తం. గని స్విచ్ మీద పెట్టం. తడి పసుపు లోపలికి పోయి పట్టుకున్నది.”

నాకు అంతా గుర్తొచ్చింది. దసరా నాడు నా కారుకు పూజ చేసేది ప్రతి ఏడూ అక్కే. నేను పనిముట్లన్నీ బానెట్ మీద వరుసగా పేర్చాను. ఆమె జాకీకి, పానాకు, టార్చికి తడి పసుపు రాసి కుంకుమ పెట్టింది. టార్చికి నడిమధ్య గుండ్రంగా ఉన్నది స్విచ్చే. దానికి నుదురంటూ ఉంటే అదే అనిపించి ఉంటుంది. పూజ అయ్యాక నేను అన్నీ తుడిచి, లెక్కచూసి, అరలో పెట్టాను. నొక్కి చూడలేదు. ఎందుకు చూడాలి? నా పుస్తకం ప్రకారం అది వెలిగే టార్చి. వచ్చే ఒకటో తేదీ దాకా అది వెలుగుతూనే ఉంటుంది.

దుకాణదారుకు క్షమాపణ చెప్పుకున్నాను. ఇంటికి వచ్చి పుస్తకంలో ‘టార్చి పాడైంది, కారణం: తేమ’ అని రాశాను. అక్క పేరు, కుంకుమ పేరు రాయడానికి చేయి రాలేదు.

కొత్త టార్చిని మాత్రం ఎంచవలసిన తీరులోనే ఎంచాను. ధర అయిదువందలు దాటకూడదని ముందే గిరి గీసుకున్నాను. అదే దుకాణం నుంచి, నచ్చనివి తిరిగి ఇచ్చే షరతు మీద, నాలుగు రకాలు తెచ్చాను. పెట్టెల మీది అంకెలు చూస్తే ఒళ్ళు మండింది. వాటిని నమ్మితే చార్మినార్ దగ్గర వెలిగించి గోల్కొండ గోడలో రాళ్ళు లెక్కపెట్టవచ్చు. నాకు కావలసింది చక్రానికున్న నాలుగు బోల్టులు కనపడటం.

మొదటిది చార్జింగ్ పెట్టుకునే రకం. మధ్యాహ్నమంతా ఎండలో, అద్దాలెక్కించిన కారులో ఉంచితే సాయంత్రానికి దాని ఒళ్ళు కాస్త ఉబ్బినట్టు కనిపించింది. తిరిగి ఇచ్చేశాను. రెండోది తలకు కట్టుకునేది; పట్టీ నా కళ్ళజోడును ముక్కు మీదికి తోసేసింది. మూడోది చక్కగా వెలిగింది, కాని స్విచ్ ఎంత మెత్తనంటే అరలోని కాగితాలు తగిలి తనంతట తానే వెలిగి కూర్చుంది. నాలుగోది చూపుకు సాదాసీదాగా, అన్నిటికంటే తేలిగ్గా ఉంది. ఏ కిరాణా కొట్లోనైనా దొరికే మామూలు సెల్లులు, స్విచ్ మీద రబ్బరు తొడుగు. బకెట్లో ముంచాను, నడుమెత్తు నుంచి బండ మీద వదిలాను, ఎండలో పెట్టాను, మూడు గంటలు ఆపకుండా వెలిగించాను. ప్రతిసారీ నిలిచింది. సెల్లులు ఎండకు కారతాయి కనుక ఎండాకాలం ముందు తప్పక మార్చాలని రాసుకున్నాను.

పరీక్ష ఒక ఆదివారం పెట్టుకున్నాం. మా ఇంటి కింద షట్టర్ గదిలో కారు ఉంటుంది. షట్టరు దించితే పట్టపగలే కటిక చీకటి. అక్క స్టూలు మీద కూర్చుంది. ఎడమచేయి సూదులు గుచ్చే చేయి, దానితో బరువు పట్టకూడదు. టార్చి కుడిచేతికి ఇచ్చాను. ఆమె దాన్ని తిప్పి చూసి మా కోడలిని కుంకుమ భరిణె అడిగింది.

వద్దన్నాను. ఎందుకని అడిగింది. అబ్బాయి చూస్తున్నాడు. చెప్పక తప్పలేదు, చెప్పాను.

అక్క తలవంచి స్విచ్ మీది రబ్బరును బొటనవేలితో తడిమింది. బాధపడుతోందనుకున్నాను.

“పుస్తకంల ఏం రాసినవ్ తమ్మీ?”

“తేమ అని రాసిన.”

“ముప్పై ఏండ్లు గిట్లనే రాసినవా? దిద్దు. అక్క బొట్టు పెట్టింది, తమ్ముడు నొక్కి చూడలే అని రాయి.” అంటూనే టార్చి అడుగున, ఇనుప కట్టు మీద, పొడి కుంకుమ చిటికెడు అద్దింది. “ఈడ పెడ్తే నీ స్విచ్‌కు ఫికర్ లేదు కద?”

షట్టరు దించారు. టార్చి వెలిగింది. జాకీ పెట్టాను, బోల్టులు వదులు చేశాను. సగం పనిలో ఆమె చేయి అలసి వెలుతురు కిందికి జారింది. అబ్బాయి అడుగు ముందుకు వేశాడు.

“నువ్వు జరుగు బిడ్డా. మూడో మనిషి లేడు ఈడ,” అంది. మోచేతిని మోకాలి మీద ఆనించుకుంది. వెలుతురు మళ్ళీ బోల్టు మీదికి వచ్చి, చివరి బోల్టు బిగించేదాకా అక్కడే నిలిచింది.

షట్టరు ఎత్తాక మా అబ్బాయి కొత్తగా ఎక్కించిన చక్రాన్ని కాలితో తన్ని చూశాడు, ఊపి చూశాడు. ఆ తనిఖీ నాకు నచ్చింది. ఆ తరువాత జేబులోంచి కారు తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

“వాన గట్టిగ పడితె మాత్రం ఫోన్ చెయ్యి బాపు.”

చేస్తానన్నాను. ఆ షరతునూ రాశాను. దాని పైనున్న ‘తేమ’ను కొట్టేసి, అక్క చెప్పిన వాక్యం ఆమె చెప్పినట్టే రాశాను. కొట్టివేత పక్కన పొడి సంతకం పెట్టాను.

ఇప్పుడు టార్చి పరీక్ష నెలకొకసారి కాదు, ప్రయాణానికొకసారి. అది నా చేతిలోనూ లేదు. మంగళ, శుక్రవారాల్లో అక్క కారెక్కి తలుపు వేసుకుంటుంది, అరలోంచి టార్చి తీసి ఒకసారి నొక్కుతుంది. వెలిగిందని నేను చూశాననే నమ్మకం కుదిరాక ఆర్పుతుంది. ఆ తరువాతే నేను తాళం తిప్పుతాను.