అక్కగారు ఊడదీసిన స్వెటరు

మా ఊలు కొట్టు అక్కగారికి ఒకటే జబ్బు. అల్లినదేదైనా కంటపడితే ఊడదీయాలి. తన కొట్టులో అల్లిందా, బజార్లో కొన్నదా, ఎవరి ఒంటిమీదైనా ఉందా అన్న పట్టింపు ఏమీ లేదు. తప్పు కనిపిస్తే ఆవిడ వేళ్ళు ఆగవు. "ఊడదీయండి!" అని నోటితో అంటారు గానీ, మనం తల ఎత్తేలోపే కొస దొరకబుచ్చుకుని సర్రున లాగేస్తారు. నెల్లాళ్ళ పని నిమిషంలో ఉండయిపోయి ఒళ్ళో పడుతుంది.

ఓసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళారట. ఆయన ఈవిడ నాడి పట్టుకుని వాచీ చూసుకుంటున్నారు. ఈవిడ ఆయన స్వెటరు చేతి అంచు చూస్తున్నారు.

"ఇదెవరు అల్లారు బాబూ?"

"మా ఆవిడ. మీరు మాట్లాడకండి, నాకు లెక్క తప్పుతుంది."

"లెక్క ఎప్పుడో తప్పింది. ఇక్కడ రెండు కుట్లు జారిపోయాయి."

ఆయన మందు చీటీ రాయడం ముగించేసరికి మోచేతి దాకా చలి వేసింది. అక్కగారు ఊలంతా చక్కగా ఉండ చుట్టి బల్లమీద పెట్టి, "సాయంత్రం మీ ఆవిడని కొట్టుకి పంపించండి, నేర్పుతాను" అని చెప్పి వచ్చేశారు. జ్వరం సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

కొట్టు ముందు ఓ నల్లబల్ల ఉంటుంది. ఏ కాలానికి ఏ పనో దానిమీద సుద్దతో రాస్తారు. ఎండాకాలం నూలు దారంతో క్రోషా టోపీలు, వానాకాలం క్రోషా సంచులు, చలి వస్తోందనగా స్వెటర్లు, మఫ్లర్లు. పొద్దున ఓ క్లాసు, సాయంత్రం ఓ క్లాసు. రాయడం వరకూ బాగానే ఉంది. ఈ ఊడదీతల పుణ్యమా అని ఏ వస్తువూ దాని కాలానికి పూర్తయిన పాపాన పోలేదు. మా పోస్ట్‌మ్యాన్ ఎండల్లో టోపీ మొదలుపెట్టి, నాలుగుసార్లు ఊడదీయించుకుని, చివరికి దాన్ని జోరువానలో పెట్టుకుని ఉత్తరాలు పంచాడు. "ఎందుకయ్యా ఈ వానలో?" అంటే, "వచ్చే ఎండాకాలం దాకా ఆగితే ఆవిడ మళ్ళీ చూస్తారండీ!" అన్నాడు పాపం.

సాయంత్రం క్లాసులో ఓ ప్లీడరు గారు ఉండేవారు. ఆయన తన మఫ్లరు తరఫున గంటసేపు వాదించారు. కుట్టు వదులైనా మెడకి నష్టమేమీ లేదన్నారు. అక్కగారు అంతా శ్రద్ధగా విన్నారు. తలూపారు. ఊపుతూనే లాగేశారు. "నా ప్రాక్టీసులో ఇంత చులాగ్గా ఓడిపోయిన కేసు లేదు" అని ఆయన మళ్ళీ మొదటి వరస ఎక్కించుకున్నారు.

ఇక నా సంగతి. ముప్ఫైనాలుగేళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాను. నాకు కూర్చోవడం చేతకాదు. అదేం, బస్సులో కూర్చునే ఉండేవాడివి కదా అంటారేమో, కింద చక్రాలు తిరిగేవండీ! ఇప్పుడు నేనే తిరుగుతున్నాను. వంటింట్లోంచి వరండాకి, వరండాలోంచి వంటింటికి. మధ్యలో మా ఆవిడ డబ్బాలు సర్ది పెడతాను. సర్దినవి ఆవిడకి దొరకవు.

"ఏమండీ, మీరు తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఆ ఊలు కొట్టుకి వెళ్ళి ఏదైనా నేర్చుకోండి. చేతులకైనా పని ఉంటుంది."

"నేనా? అల్లికా? ఈ మీసాలతోనా?"

"మీసాలతో ఎందుకు, సూదులతో అల్లండి."

అలా సాయంత్రం క్లాసులో చేరాను. అసలు కారణం అది కాదు. ఉన్నమాట చెప్పేస్తాను, దాస్తే నాకు కడుపుబ్బరం. మా అమ్మాయికి, నాకు మాటల్లేక అప్పటికి ఏడాది కావస్తోంది. ఓ ఆదివారం భోజనాల దగ్గర, "నాన్నా, నేను ఉద్యోగం మానేస్తున్నాను, ఎందుకంటే..." అంది. పక్కా ఉద్యోగం! ఆ 'ఎందుకంటే' తర్వాత ఏముందో నేను విన్లేదు. "ఎందుకేమిటి, ఒళ్ళు కొవ్వెక్కి!" అన్నాను. అది సగం అన్నంలో లేచి వెళ్ళిపోయింది. నేనూ లేచాను. చివరిదాకా భోంచేసింది మా అల్లుడొక్కడే. ఆ తర్వాత అది ఊరికి ఆ చివర వాళ్ళింట్లో, నేను ఈ చివర మా ఇంట్లో. అప్పటికి దానికి ఆరో నెల. చలికాలంలో పుట్టే బిడ్డకి నా చేత్తో ఓ స్వెటరు అల్లాలని నా ఆశ. అల్లి, మా ఆవిడ చేతికిచ్చి పంపిస్తే, నోరు విప్పే పని లేకుండా చెప్పాల్సింది చెప్పినట్టవుతుందని నా లెక్క.

మొదట్లో నా అల్లిక చూసి నాకే జాలేసేది. ఇందులో ఒకటే నియమం. వరస మొదలుపెడితే ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళాలి, అప్పుడే వెనక్కి తిరగాలి. నేను సగంలో లేచేవాణ్ణి. వీధిలో హారన్ మోగితే లేచేవాణ్ణి. మోగకపోతే, ఎందుకు మోగట్లేదా అని లేచేవాణ్ణి. తిరిగొచ్చాక ఎటు వెళ్తున్నానో గుర్తుండేది కాదు, వచ్చిన దారినే వెనక్కి అల్లేసేవాణ్ణి. దాంతో నట్టనడుమ ఓ కన్నం పడేది. ఓ పక్క ఎత్తు, ఓ పక్క పల్లం.

"డ్రైవరు గారూ, ఎన్నేళ్ళు బస్సు నడిపారు?"

"ముప్ఫైనాలుగండీ."

"ఎప్పుడైనా సగం దారిలో దిగి, టీ తాగొచ్చి, జనాన్ని మళ్ళీ బయల్దేరిన చోటికే పట్టుకెళ్ళారా?"

"ఛ ఛ! ఎంత మాట!"

"మరి నా ఊలునెందుకు పట్టుకెళ్తున్నారు? ఊడదీయండి!"

సర్ర్ర్.

ఐదుసార్లు ఊడదీశారు. ఆరోసారికి నాకు పౌరుషం వచ్చింది. కింద కాళ్ళు తాండవం చేస్తున్నా సరే, వరస చివరిదాకా లేవకుండా బిగబట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. కన్నాలు పోయాయి. వీపు భాగం పూర్తయింది, ఛాతీ పూర్తయింది. లేత పసుపు రంగు, నా అరచేతులు రెండూ కలిపితే ఎంతో అంత. నా ఆనందం పట్టలేక అక్కగారికి అంతా చెప్పేశాను. కూతురి సంగతి, కొవ్వెక్కిన మాట, అన్నీ.

"ఇది పూర్తవగానే మా ఆవిడ చేత పంపించేస్తానండీ. నేను మాత్రం వెళ్ళను. నేనెందుకు వెళ్ళాలి? తండ్రిని!"

అక్కగారు స్వెటరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. "ఈ భుజం బాగాలేదు, ఊడదీయండి" అన్నారు.

అప్పట్నుంచి మొదలైంది అసలు రభస. మర్నాడు రంగు ఒకచోట వెలిసినట్టుందన్నారు. ఆ తర్వాత కుట్టు మరీ బిగుతన్నారు. నాలుగు రోజులు పోయాక, "ఈ చెయ్యి దిగులుగా ఉంది" అన్నారు.

"స్వెటరు చేతికి దిగులేమిటండీ?"

"అల్లినవాళ్ళ దిగులు ఇంకెక్కడికి పోతుంది? ఊడదీయండి."

ప్లీడరు గారు భూతద్దం పెట్టి వరస వరసా పరీక్ష చేశారు. "డ్రైవరు గారూ, ఇందులో దోషం లేదు. అప్పీలుకి వెళ్ళండి" అన్నారు. అప్పీలు వినాల్సింది కూడా ఆవిడే కదా! పురుడు మూడు వారాల్లోకి వచ్చేసింది. బయట చలి మొదలైంది. నాకు నిద్ర పట్టదు, అన్నం సహించదు. మా ఆవిడతో చెప్పుకుంటే, "నన్నడక్కండి బాబూ, మీ సూదుల గొడవ మీది" అంది. పుట్టేవాళ్ళు చలికి వణుకుతుంటారు, ఈవిడ మాత్రం దిగుళ్ళు లెక్కపెడుతూ కూర్చుంటారు! నాకు ఒళ్ళు మండిపోయింది. స్వెటరు సంచిలో దాచుకుని ఇంటికి తెచ్చేశాను. తలుపేసుకుని, ఆవిడ కంటపడకుండా రెండు రోజుల్లో అంతా అల్లేశాను. ఒక్క చెయ్యి సగముందనగా ఊలు అయిపోయింది. అదీ నా అదృష్టం!

సాయంత్రం కొట్టుకి పరుగెత్తాను.

"అక్కగారూ, లేత పసుపు ఓ ఉండ కావాలి."

"స్వెటరేదీ?"

"ఇంట్లో ఉంది. తీసుకురాను. తెస్తే మీరు ఊడదీస్తారు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "ఆ రంగు అయిపోయింది. రేపు పొద్దున పదింటికి వస్తుంది. వచ్చేటప్పుడు స్వెటరు కూడా పట్రండి, రంగు కలిసిందో లేదో చూసుకోవాలి కదా" అన్నారు.

మర్నాడు తొమ్మిదిన్నరకే వీధి చివర నిలబడ్డాను. పదింటికి సంచి చంకలో బిగించి పెట్టుకుని లోపలికెళ్ళాను. పొద్దున క్లాసు నడుస్తోంది. పది మంది ఆడవాళ్ళు బెంచీల మీద తలలు వంచుకుని అల్లుతున్నారు. కిటికీ పక్క బెంచీ మీంచి ఎవరో నడుము పట్టుకుని లేస్తున్నారు.

"అదిగో, మళ్ళీ సగం వరసలో లేచావు! కూర్చో తల్లీ" అని అక్కగారు గదిమారు.

ఆ లేచింది మా అమ్మాయి.

చేతిలో ముదురు నీలం మఫ్లరు. మగవాళ్ళ పొడుగు. నట్టనడుమ ఓ కన్నం. అది నన్ను చూసింది. నేను దాన్ని చూశాను. బొద్దుగా అయింది, కళ్ళ కింద అలసట కనిపిస్తోంది. ఏం చేయాలో తోచక, నాకు అలవాటైన పనే చేశాను. గుమ్మం వైపు తిరిగాను. అదీ చెప్పుల కోసం చూస్తోంది.

"ఆగండి!" అక్కగారు వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డారు. "డ్రైవరు గారూ, మీరు ఆ బెంచీ మీద కూర్చోండి. అమ్మాయ్, నువ్వూ కూర్చో. ఏడాది కిందట ఏదో చెప్పబోయావటగా. 'ఎందుకంటే' దగ్గర ఆగిందట. చెప్పు. ఆయన వింటారు."

"ఆయనెప్పుడు విన్నారు గనక?" అంది అమ్మాయి, గోడతో చెబుతున్నట్టు.

"అది కాదు, నేనేమన్నానంటే..."

"డ్రైవరు గారూ!"

నోరు మూసుకున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని చేయలేదు. ఘాట్ రోడ్డులో బ్రేకులు ఫెయిలైన రోజు కూడా అంత చెమట పట్టలేదు.

అమ్మాయి కాసేపు మఫ్లరు అంచు పీకింది. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టింది. "ఎందుకంటే... నాకు ఆ కుర్చీలో ఊపిరాడట్లేదు నాన్నా. డ్రైవింగ్ స్కూలు పెడదామనుకున్నాను. పెద్ద బండ్లు నేర్పేది. ఆడవాళ్ళు కూడా బస్సులు నడిపేలా. నీ రిటైర్మెంటు దగ్గరపడుతోంది కదా, నాకు నేర్పింది నువ్వే కదా, నువ్వూ నాతో ఉంటావని. ఆ రోజు అదే అడుగుదామని వచ్చాను."

రిటైరైన దగ్గర్నుంచీ నేను వంటింటికీ వరండాకీ మధ్య కాళ్ళు అరగదీసుకున్నాను! అవతల నా కోసం ఓ బస్సు కాచుకుని కూర్చుంటే! కళ్ళు మసకలేశాయి. సిగ్గేమిటి, ఏడ్చేశాను. పది మంది ఆడవాళ్ళ ముందు, మీసాలు తడిసేలా.

"తప్పు నాదేనమ్మా" అన్నాను. "ఎప్పట్నుంచి రమ్మంటావు?"

"ముందు దీన్ని కననీ నాన్నా" అంటూ అది కడుపు మీద చెయ్యేసుకుంది. నవ్వుతూనే ముక్కు చీదింది. "అయితే ఒక్క షరతు. నేర్చుకునేవాళ్ళ మీద అరవకూడదు."

"అది మాత్రం ఇప్పుడే మాటివ్వలేను."

బెంచీల మీదివాళ్ళంతా నవ్వేశారు. అక్కగారు తలుపు దగ్గర్నుంచి వచ్చి, బీరువా తెరిచి లేత పసుపు ఉండ తీసి నా ఒళ్ళో పడేశారు. దాని వెనక అదే రంగువి ఇంకో అరడజను కనిపించాయి.

"మీకెలా తెలిసిందండీ, ఇది మా అమ్మాయని?" అన్నాను.

"మీరు రాకముందు నుంచీ ఈ పిల్ల వస్తోంది. సగం వరసలో లేచి, వచ్చిన దారినే వెనక్కి అల్లేవాళ్ళు నా కొట్టు చరిత్రలో ఇద్దరే. ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం. ఒకటే కన్నం, ఒకటే చోట. తర్వాత మీ కథ మీరు చెప్పారు, ఈ పిల్ల కథ ఈ పిల్ల చెప్పింది. మఫ్లరు పూర్తయితే వాళ్ళమ్మ చేత మీకు పంపుతుందట. స్వెటరు పూర్తయితే మీ ఆవిడ చేత ఈ పిల్లకి పంపుతారట. పాపం ఆవిడ అటూ ఇటూ మోస్తుంది, మీరిద్దరూ ఇళ్ళల్లో కూర్చుని తొడుక్కుంటారు! అందుకే, మీలో ఒకరికైనా బుద్ధొచ్చేదాకా ఏదీ పూర్తి కానివ్వకూడదనుకున్నాను. ఎంతకీ రాలేదు. పురుడేమో ముంచుకొస్తోంది. అందుకే నిన్న నేనే ఉండ దాచేశాను."

"అంటే ఆ భుజం, ఆ రంగు, ఆ దిగులు..."

"అన్నీ అబద్ధాలే." అక్కగారు నా సంచిలోంచి స్వెటరు తీసి కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. వేలితో ఒక్కో వరసా నిమిరారు. "ఇంత చక్కటి అల్లిక ఈ కొట్టులో నేను చూడలేదు డ్రైవరు గారూ. ప్రతిసారీ కళ్ళు గట్టిగా మూసుకుని లాగానంటే నమ్మండి."

నాకు గాల్లో తేలినట్టయింది. ప్లీడరు గారు లేకపోయారే అనిపించింది.

మా అమ్మాయి కూడా మఫ్లరు ముందుకి చాపి ఆశగా అడిగింది. "అయితే నాదీ బాగానే ఉందా పెద్దమ్మా? ఊరికే ఊడదీశారా?"

అక్కగారు మఫ్లరు చూశారు. అమ్మాయి మొహం చూశారు. మళ్ళీ మఫ్లరు చూశారు.

"నీది మాత్రం నిజంగానే బాగాలేదు తల్లీ" అన్నారు.