పదో గీత మీద మడత

1997 ఆగస్టు, రెండో మంగళవారం. గద్వాల. హాజరైనవారు: మా చేనేత సంఘం అధ్యక్షుడు, ఆఫీసు మేనేజరుగా నేను, కంప్యూటరులో చీర అంచుల డిజైన్లు గీసే అమ్మాయి, గళ్ళ కాగితం మీద అచ్చైన ఆ డిజైన్లు లెక్కపెట్టి, మగ్గం మీద అంచు నేయించే అట్టలకు రంధ్రాలు కొట్టే పెద్దాయన, కర్నూలు నుంచి రెండు ప్రింటర్లు తెచ్చిన సేల్స్‌మన్.

ఆఫీసులోని మూడు కంప్యూటర్లను ఆ నెలలోనే ఒకే తీగతో కలిపాం. మూడింటికీ కలిపి ఒక ప్రింటరు కావాలి. ఉన్న ప్రింటరు చుక్కలు చుక్కలుగా కొట్టేది. గళ్ళు మసకగా పడేవి. ఆ గళ్ళు లెక్క తప్పి పెద్దాయన రెండుసార్లు అట్టలు పాడుచేశాడు. ఇంకొక్కసారి తప్పితే అట్టల పని బయట ఊరికి పంపుతానని అధ్యక్షుడు ఆయన ఎదుటే చెప్పాడు. ఆయనకు వేరే పని రాదు.

సేల్స్‌మన్ ముందుగా సిరా చిమ్మే ప్రింటరు నడిపించాడు. ధర తక్కువ. గళ్ళు చక్కగా పడ్డాయి. అధ్యక్షుడు తల ఊపాడు. పెద్దాయన కాగితం అందుకుని, చూపుడువేలు నాలుకకు తాకించి, గళ్ళ మీద జరుపుతూ లెక్కపెట్టాడు. వేలు వెళ్ళినంత మేరా సిరా అలికిపోయింది.

"ఇదేంది సారూ, గళ్ళన్ని చెరువైనయి," అన్నాడు.

రెండోది చిన్న లేజర్ ప్రింటరు. దాన్ని అమ్మాయి కంప్యూటరుకు తగిలిస్తే మిగతా రెండు కంప్యూటర్లవాళ్ళూ అక్కడికే పంపి ప్రింటు తీసుకోవచ్చు. నేరుగా తీగకే కలిపే పెద్ద రకం కూడా ఉందని సేల్స్‌మన్ చెప్పాడు. అది మా తాహతుకు మించినది. పెద్దాయన మళ్ళీ వేలు తడిపి జరిపాడు. గీత చెదరలేదు.

"ప్రింటర్ని నాకి బేరం చేసేవాళ్ళను ఇప్పుడే చూస్తాండా," అన్నాడు సేల్స్‌మన్.

"నీ మిషన్‌ను ఎవడు నాకిండు? నా వేలు నాకిన. నా లెక్కంత దీని మీదనే నడుస్తది."

అధ్యక్షుడు తొందరపడలేదు. "ఈ లేజర్ కాగితం చూసి రేపటికి పది అట్టలు కొట్టుకరా, అన్నా. సరిగొస్తే తీసుకుందాం." రెండు ప్రింటర్లూ ఆ రాత్రికి మా ఆఫీసులోనే ఉంచారు. పెద్దాయన లేజర్ కాగితాన్ని అలవాటు ప్రకారం మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్ళాడు.

మరునాడు ఉదయం తొమ్మిదిన్నరకు ఆయన అట్టలు, కాగితం బల్ల మీద పెట్టాడు. మడత పడిన చోటల్లా నల్లపొడి రాలి కాగితం తెల్లబడింది. అక్కడ గీత పోయి పక్కపక్క గళ్ళు రెండూ ఒకటైపోయాయి.

"అయ్యో పెదనాయనా, మడిస్తివా? రెండు గళ్ళను ఒకటనుకొని కొట్టుంటవ్," అంది అమ్మాయి.

"నాకు తెల్వదా బిడ్డా? గడికొక పోగు, పది పోగులకొక మడత పెడ్త. మడత పదో గీత మీదనే పడ్తది. గీత కనబడకుంటేంది, మడతనే గీత."

అధ్యక్షుడు అట్టలను ఒక్కొక్కటే కిటికీ వెలుతురుకు పట్టి, అమ్మాయి డిజైనుతో సరిచూశాడు. పది అట్టలకు ఇరవై నిమిషాలు పట్టింది. ఒక్క రంధ్రమూ తప్పలేదు. ఆయన నా చేతిలోని పెన్ను తీసుకుని లేజర్ ప్రింటరు ఆర్డరు మీద సంతకం పెట్టాడు.

పెద్దాయన అప్పటికే అమ్మాయి దగ్గరికి వెళ్ళి పదకొండో అట్ట నుంచి మిగతా డిజైను కాగితం అడుగుతున్నాడు. ఆమె దాన్ని మడత పడకుండా చుట్టి, దారం కట్టి ఇచ్చింది. ఆయన దారం విప్పి, కాగితాన్ని బల్ల మీద పరిచి, పదో గీత మీద మడిచాడు.