వంటింటి పక్క గది

నవంబరు ఆరు, గురువారం. కాలేజీకి వెళ్తూ శ్రీకాకుళంలో ఆసుపత్రి వెనక సందులోకి తిరిగేసరికి పెద్దమ్మ లాడ్జి వంటింటి కిటికీలోంచి చప్పుడు లేదు. అలా ఎన్నడూ లేదు. అరుగు మీద కూర్చున్న ఆమె తమ్ముడు నన్ను చూసి, "అప్ప పోయిందమ్మా. నిద్దర్లోనే" అన్నాడు.

బోర్డు మీద లాడ్జి అని ఉండేది గానీ అది ఆమె ఇల్లే. ముందు గదిలో తను, లోపలి గదుల్లో మేము. డిగ్రీలో చేరిన కొత్తలో హాస్టల్లో చోటు దొరక్క కొన్నాళ్లు అక్కడే ఉన్నాను. తర్వాత దగ్గర్లో వేరే గది తీసుకున్నా, రోజూ ఓసారి వెళ్లి రాకుండా ఉండలేకపోయాను. వచ్చినవాళ్లందరికీ ఆమె పెద్దమ్మే.

ఏ గది కావాలని ఎవరినీ అడిగేది కాదు. మొహం చూసి తాళం ఇచ్చేది. సరుకు అమ్ముకోడానికి తిరిగేవాళ్లకు వీధి వైపు గది. పొందూరు నుంచి ఖద్దరు మూటలతో వచ్చేవాళ్లకు చెమ్మ లేని గది. ఆసుపత్రిలో మనిషిని ఉంచి వచ్చినవాళ్లకు వంటింటి పక్క గది. అది అన్నిట్లోకీ ఇరుకు. పొయ్యి సెగకి గోడ వెచ్చగా ఉండేది, తెల్లవారకముందే గిన్నెల మోత. పాపం, వాళ్లనెందుకు అక్కడ పెడతావని ఒకసారి అడిగాను.

"నిద్దర రానోలికి సప్పుడుండాలే. గిన్నెలు మోగితే పక్కన మనుసులున్నారని తెలస్తాది" అంది.

మెత్తగా మాట్లాడే మనిషి కాదు. పుస్తకంలో కొత్త మాట ఏది దొరికినా నేను వెళ్లి ఆమె ముందు వాడేదాన్ని. విని, "బాగుందే. ఇప్పుడా మాటతో ఉల్లిపాయలు తరుగు" అనేది. నాతో పేపరు చదివించుకునేది. చావు కబుర్లు మాత్రం తను టీ తాగాకే చదవాలి. ఇవాళ ఆమె కబురు టీకి ముందే వచ్చింది.

పోయిన వానాకాలం ఆ గదిలో పాలకొండ వైపు ఆవిడ ఉండేది. ఒక ఉదయం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది, భర్త పోయాడని. ఆవిడ ఏడవకుండా వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. పెద్దమ్మ ఓదార్చలేదు. పీట వేసి, బియ్యం పోసిన చేట చేతికిచ్చింది. అన్నదమ్ములు వచ్చేదాకా ఆవిడ రాళ్లు ఏరుతూనే ఉంది. ఎదురుగా కూర్చుని పెద్దమ్మ, కడిగి బోర్లించిన గిన్నెలన్నీ దించి మళ్లీ తోమింది. ఆ రోజు నాకు ఏ కొత్త మాటా గుర్తు రాలేదు.

ఇప్పుడు ఆ గదిలో నరసన్నపేట దగ్గరి పల్లె ముసలాయన ఉన్నాడు. భార్య ఐసీయూలో ఉంది. పెద్దమ్మను సాగనంపి వచ్చేసరికి ఆయన సంచి సర్దుకుంటున్నాడు. చావింట్లో పొయ్యి వెలిగించకూడదు, వేరే చోటు చూసుకోమని తమ్ముడు చెప్పాడట. ఎక్కడికెళ్తారని అడిగితే ఆసుపత్రి మెట్ల వైపు చూశాడు.

తమ్ముడి దగ్గరికి వెళ్లాను. "ఆయన్ని ఉండనీ మావా. ఆ గది పెద్దమ్మే ఇచ్చింది కదా."

"తిండెట్టకుండా ఎలాగుంచుతామమ్మా? అప్ప ఇంట్లో ఒక మనిసి కాళీ కడుపుతో తొంగుంటే ఏటి బాగుంతాది?"

నేను వండి తెస్తానన్నాను. తమ్ముడు తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. "ఉప్పు సరిగ్గా ఎయ్యి. నువ్వెయ్యవని అప్ప తిట్టీది" అన్నాడు.

ముసలాయన సంచి మళ్లీ మేకుకు తగిలించాడు. సాయంత్రం పప్పన్నం పట్టుకెళ్తే సగం తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, వంటింటి వైపు గోడకు అరచెయ్యి ఆనించి చూశాడు. నేనూ ఆనించాను. చల్లగా ఉంది.

రేపు తెల్లవారకముందే వెళ్తాను. టీ నా గదిలో పెట్టి ఫ్లాస్కులో పోసుకుంటాను. ఆ వంటింట్లో పొయ్యి వెలిగించను. గూట్లోంచి గిన్నెలన్నీ దించి, ఆ గోడ పక్కనే కూర్చుని తోముతాను.