నెల ముందా, ఏడాది ముందా

పంపా ఆల్తాలో ఏ రోజైనా గాలి ఆగితే జనం గుమ్మంలోకొచ్చి ఆకాశం వంక అనుమానంగా చూస్తారు. అలాంటి ఊళ్ళో రేడియో స్తంభం పడిపోకుండా, ఆ స్తంభం కింద గదిలోని యంత్రాలు ఆగిపోకుండా ఇరవై ఏళ్ళుగా కనిపెట్టుకుని ఉన్నవాడు ఎవరిస్తో అనే మనిషి.

ఆ రేడియోను ఊరు నమ్ముకున్నది పాటల కోసం కాదు, కబుర్ల కోసం. ఫోను అందని కొండ మడతల్లో గొర్రెలు కాసుకునేవాళ్ళకు రేడియోలో పేరు పెట్టి చదివే కబురే ఉత్తరం. ఫలానా వారికి మందులు బస్సులో పంపాం, ఫలానా వారి కోడలికి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. పొద్దున చదివి రికార్డు చేసిన కబుర్లను మూలనున్న సర్వరు తేదీ చూసుకుని మూడు పూటలా వినిపిస్తుంది.

ఆ సర్వరులో నడిచేది ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని ఎవరిస్తో ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఒక లావుపాటి పుస్తకం ముందేసుకుని కూర్చుంటే, భార్య నెలిదా మాతే అనే ఆకు టీ కాచి అందిస్తూ వాక్యం వాక్యం చదివి పెట్టేది. అప్పట్లో కబుర్లు చదివే గొంతు కూడా ఆమెదే. ఆమె పోయి ఆరేళ్ళయింది. డిస్కు నిండిపోతున్నా పాత కబుర్లు చెరపడానికి అతనికి చెయ్యి రాలేదు. ఆమె గొంతు విని చాలాకాలమైంది. అక్కడ ఉందన్న ధైర్యం మాత్రం కావాలి.

ఇప్పుడు సహకార సంఘం కొత్త యంత్రం కొన్నది. దాంట్లో ఏ సిస్టమ్ వెయ్యాలన్నది ఎవరిస్తోకు వదిలేశారు. బడి మాస్టారు ఓస్మార్ డెబియన్ వెయ్యమన్నాడు. బళ్ళో అదే, సంఘం ఆఫీసులో అదే, నీకు ఒంట్లో బాగోలేనప్పుడు ఎవరో ఒకరు చూసుకుంటారు కదా అన్నాడు.

"అందరూ తాగే గిన్నెలో నేను తాగను మాస్టారూ," అన్నాడు ఎవరిస్తో, చేతిలోని మాతే పోసిన సొరబుర్ర గొట్టం పీలుస్తూ.

ఇప్పుడు కబుర్లు చదివే దెల్మీరా అటు తిరక్కుండానే అంది: "ఆ బుర్ర పొద్దుట్నుంచి ఎన్ని నోళ్ళు తిరిగొచ్చిందో చూసుకో ముందు."

అతను నవ్వలేదు. అందరికీ తెలిసిన సిస్టమ్ వేస్తే, కరెంటు పోయినప్పుడు తన తలుపు తట్టేదెవరు? కొత్త యంత్రం పెట్టె విప్పకుండా కిటికీ కింద పెట్టాడు.

జూన్‌లో ఎవరిస్తోను, పిత్తాశయంలో రాళ్ళని, నగరం తీసుకెళ్ళి ఆపరేషన్ చేశారు. మంచం మీద ఉండగా ఊళ్ళో కరెంటు పోయింది. కరెంటు తిరిగి వచ్చేసరికి పాత సర్వరు గడియారం తప్పింది. దాన్ని సరిచేసుకోవడానికి ఇంటర్నెట్టూ లేదు. దెల్మీరా పరుగున వెళ్ళి మాస్టారిని పిలుచుకొచ్చింది. ఓస్మార్ తనకు తెలిసినట్టే తేదీ కొట్టాడు: ముందు నెల, తర్వాత రోజు, గంట, చివర్న ఏడాది. ఎవరిస్తో సిస్టమ్‌కు ఏడాది ముందుండాలి. జూన్ కోసం కొట్టిన ఆరును అది ఏడాదిగా, తేదీ కోసం కొట్టిన పన్నెండును నెలగా తీసుకుంది. మారు మాట లేకుండా పదమూడేళ్ళు వెనక్కి వెళ్ళి, 2006 డిసెంబరులో ఆగింది.

మధ్యాహ్నం రేడియోలో నెలిదా మాట్లాడింది.

రొట్టెల కొట్లో వరస అలాగే నిలబడిపోయిందట. దెల్మీరా పరుగెత్తుకొచ్చి ఆపేలోపు కొన్ని కబుర్లు వెళ్ళనే వెళ్ళాయి. భూమికి ఆ దక్షిణపు కొసన డిసెంబరు ఎండాకాలం, జూన్ చలికాలం. ఎండాకాలం కబుర్లు, ఆ మంచు గాలిలోకి. ఆమె ఆసుపత్రికి ఫోన్ చేసి చెబితే ఎవరిస్తో ఒక్కటే అడిగాడు, గొంతు స్పష్టంగా ఉందా అని.

ఊరికి తిరిగొచ్చాక మిగతాది తెలిసింది. వెళ్ళిన కబుర్లలో ఒకటి సందాలియోకు. కొండ మీద ఒంటరిగా గొర్రెలు కాసే ముసలివాడు. శుక్రవారం బస్సులో మీ చెల్లెలు వస్తోంది, దారి చీలిక దగ్గరికి గుర్రం తీసుకురా అని. అతను జీను కట్టిన రెండో గుర్రంతో దిగి వచ్చి, శుక్రవారం పగలంతా, శనివారం కూడా ఆ మంచులో నిలబడ్డాడు.

సందాలియో పిండి కొనుక్కోవడానికి ఊళ్ళోకి వచ్చినప్పుడు ఎవరిస్తో కొట్టు దగ్గర కాచుకుని ఉన్నాడు. తప్పు తన యంత్రానిదేనని చెప్పాడు. ముసలివాడు పిండి మూట గుర్రానికి కడుతూ విన్నాడు.

"నెలిదా పోయిందని నీకు తెలుసుగా," అన్నాడు ఎవరిస్తో.

"తెలియకేం. పూడ్చేటప్పుడు టోపీ తీసి నిలబడ్డవాణ్ణే కదా."

"మరి ఎందుకు దిగొచ్చావయ్యా?"

సందాలియో ముడి బిగించాడు. "నా పేరు చదివింది. మళ్ళీ ఇన్నేళ్ళలో నా పేరు ఇంకెవరూ చదవలా."

ఆ సాయంత్రం ఎవరిస్తో కిటికీ కింద పెట్టె విప్పి, మాస్టారికి కబురు పెట్టాడు. డెబియన్ వెయ్యమని కుర్చీ అతనికి ఇచ్చి తాను పక్కన నిలబడ్డాడు. మాతే కాచి అందించాడు. నెలిదా కబుర్లన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి, జేబులో వేసుకున్నాడు. చివర్న పాత యంత్రం ఆపితే గది మరీ నిశ్శబ్దమైపోయింది. ఆ ఫ్యాను రొద ఇన్నాళ్ళూ తనతో మాట్లాడినట్టుండేదని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత రెండుసార్లు కరెంటు పోయింది. అతను ఇంట్లో చెప్పులు వేసుకుని సిద్ధంగా కూర్చున్నాడు. ఎవరూ తలుపు తట్టలేదు. కాసేపటికి రేడియో దానంతటదే మోగింది.

మూడోసారి చెప్పులు వేసుకోలేదు. మర్నాడు స్టూడియోకి వెళ్ళి, తాను ఆదివారం ఊళ్ళో ఉండనని చెప్పి, దెల్మీరాతో ఒక కబురు చదివించాడు. సందాలియోకు: ఆదివారం బస్సులో ఎవరిస్తో వస్తున్నాడు. చెల్లెలు కాదు. అయినా గుర్రం తీసుకురా.

బస్సు డ్రైవరు అద్దంలోంచి చూసి, "యంత్రాన్ని ఎవరికి వదిలొచ్చావు, ఎవరిస్తో?" అన్నాడు.

"అందరికీ."

దారి చీలిక దగ్గర బస్సు ఆగింది. రెండు గుర్రాలు గాలికి వీపు పెట్టి నిలబడి ఉన్నాయి. రెండోదాని మీద జీను ఉంది.