ట్రైలర్ బ్యాటరీ, బి-షిఫ్ట్ బాబాయి

ఆ రోజుల్లో కరెంటు గురించి నాకు తెలియనిది లేదనే అనుకునేవాణ్ణి. భిలాయి నెహ్రూ నగర్‌లో ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్మే షాపులో కొత్తగా చేరాను మరి. ఆ వయసులో తెలియనివంటూ ఏవీ ఉండవు. అవన్నీ తర్వాత ఒక్కొక్కటే వచ్చి చేరతాయి.

మా బాబాయిని సెక్టర్ 2లో అందరూ బి-షిఫ్ట్ బాబాయి అనేవారు. ఉక్కు ప్లాంటులో ఆయన ఎక్కువగా చేసింది మధ్యాహ్నం వెళ్లి రాత్రి తిరిగొచ్చే ఆ షిఫ్టే. పిన్ని సాయంత్రాలన్నీ క్వార్టర్ గుమ్మంలో ఒంటరిగానే గడిచిపోయాయి. రిటైరవగానే ఆయనకొక కల పట్టుకుంది. పాత ట్రాలీ ఒకటి కొని, ఊరి పక్కనే ఉన్న ఉతైలో వెల్డింగ్ చేయించి, మీద రేకుల గది కట్టించి, లోపల పరుపులు, ఫ్యాను, లైట్లు, చిన్న ఫ్రిజ్ పెట్టించాడు. దాన్ని తన ముసలి జీపుకు తగిలించి పిన్నిని భీమిలి సముద్రం దాకా తీసుకెళ్లాలట. పిన్ని (ఆవిడ అంత తేలిగ్గా కలలు కనే మనిషి కాదు) ఒక షరతు పెట్టింది. ముందు దగ్గర్లో ఒక్క రాత్రి ఉండి చూడాలి. బాగుంటే భీమిలి, లేదంటే ఆ డబ్బా చాట్ బండివాడికి. బాబాయి ఆశంతా ఆ ఒక్క రాత్రి మీద, ఆ రాత్రంతా నా వైరింగ్ మీద.

జీపు నడుస్తున్నంతసేపూ దాని ఇంజనే ట్రైలర్ బ్యాటరీని కూడా ఛార్జ్ చేసేలా లావుపాటి వైరు లాగి రెండు బ్యాటరీలనూ కలిపాను. బండి ఆగాక వాటిని విడదీయడానికి స్టీరింగ్ పక్కన ఒక స్విచ్ పెట్టాను. అది ఆపకపోతే ట్రైలర్ తన బ్యాటరీతోపాటు జీపుది కూడా తాగేస్తుందని చెప్పాను. బాబాయి తలూపాడు. ఆయన తలూపాడని నేనూ తలూపాను. కానీ మా టౌన్‌షిప్ వాళ్లకు స్విచ్ వేయడమే తెలుసు, ఆపడం తెలియదు. క్వార్టర్లలో కరెంటు పోవడం అరుదు, బిల్లు ఉందా అంటే ఉంది, పేరుకి. మనుషుల్లేని గదుల్లో కూడా ఫ్యాన్లు తిరుగుతూనే ఉండేవి (గోడలకు ఉక్కపోస్తుందేమోనని).

ఉతై దాటాక ఒక చెరువు గట్టున మధ్యాహ్నం ముగ్గురం ఆగాం. ఫ్యాను, ఫ్రిజ్, లైట్లు అన్నీ వేశాం. బాబాయి ఉత్సాహం పట్టలేక బయట రంగుబల్బుల దండ కూడా కట్టాడు. స్టీరింగ్ పక్కన స్విచ్ మాట బాబాయికీ నాకూ ఇద్దరికీ గుర్తు లేదు. పొద్దు గుంకేసరికి బల్బులు ఎర్రబారాయి, ఫ్యాను నీరసించింది, చివరికి అన్నీ ఆగిపోయాయి. బాబాయి గబగబా బయటికొచ్చి, చుట్టూ పొలాలు తప్ప మరేమీ లేని ఆ గట్టు మీద నిలబడి అడిగాడు.

"పక్క క్వార్టర్లో ఉందేటిరా?"

ఆయన అడగడం ఒక ఎత్తు. నేను నిజంగానే అటు తిరిగి చూడడం ఒక ఎత్తు.

జీపు తాళం తిప్పితే ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. బాబాయి వచ్చి ట్రైలర్ మెట్టు మీద కూలబడ్డాడు. భీమిలి పోయినట్టేనని ఆయన ముఖం చూస్తేనే తెలుస్తోంది. నాకైతే ఏడుపొక్కటే తక్కువ. భిలాయిలో రాత్రి ఆకాశం కూడా ప్లాంటు వెలుగుకి ఎర్రగానే ఉంటుంది. ఇక్కడ అసలైన చీకటి మెల్లగా నీళ్ల మీదకు దిగింది, వెనకే చుక్కలు వచ్చాయి. ఎక్కడో కప్పలు మొదలుపెట్టాయి. పిన్ని వచ్చి బాబాయి పక్కన కూర్చుంది. రేపు ఎవరినైనా పిలిచి బాగు చేయిస్తానని ఆయన నసుగుతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఊరుకోండి. ఇన్నేళ్లకి ఒక సాయంత్రం నా పక్కన కూకున్నారు. ఎల్దామన్నా బండి కదల్దు కదా."

పొద్దున ఎవరో ట్రాక్టరుతో లాగితే జీపు దగ్గుకుంటూ లేచింది. వచ్చే నెలలోనే వాళ్లు భీమిలి వెళ్లారు. బండి ఆగగానే రెండు బ్యాటరీలనూ దానంతటదే విడదీసే రిలే పెడతానని నేనంటే, పిన్ని ఒద్దంది.

ఇప్పుడు నాకే ఒక షాపుంది. ఇలాంటి బండ్లు అడపాదడపా వస్తాయి, అన్నింటికీ రిలేలు పెడతాను, ఎవరి బ్యాటరీ కూడా దిగిపోదు. పని చేస్తున్నప్పుడు ఒక్కోసారి ఆ గట్టు మీద ఏడుపు దిగమింగుకుంటున్న కుర్రాడు గుర్తొస్తాడు. దగ్గరుంటే వాడి భుజం తట్టి, ఆ వైరు అలాగే ఉంచరా అని చెప్పాలనిపిస్తుంది.