చెట్టుతో పాటు వెళ్లిన మాట

డుంబ్రిగుడ వైపు మా ఊళ్లో కల్లు గీసే ప్రతి జీలుగు చెట్టుకీ ఒక సొంతదారు ఉంటాడు. మా నాన్న మాత్రం తన చెట్టు కింద ఊరికి మాట ఇచ్చాడు: పొద్దున్నే ఆకుదొప్ప పట్టుకొచ్చిన ఎవరికీ కల్లు లేదననని. అవసరం పడి ఆ చెట్టు అమ్ముతున్నాడని తెలిశాక ఊరంతటికీ గుబులు పట్టుకుంది.

అప్పట్లో నా గుబులు వేరు. నేను సాఫ్ట్‌వేర్ పని ఇంటి నుంచే చేస్తాను, నెట్ దయతలిచిన రోజున. అమ్మా, ఊళ్లో ఆడవాళ్లూ కాఫీ గింజలు ఆరబెట్టే చోట పెట్టడానికి చిన్న పెట్టెలు తయారుచేశాను. కొండ అవతల చినుకు పడితే అక్కడి పెట్టె ఇక్కడి పెట్టెకి రేడియోలో చెప్తుంది, వీళ్లు టార్పాలిన్ కప్పేస్తారు. నేను రాసిన ప్రోగ్రాం ఓపెన్ సోర్స్, ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. పెట్టెలు మాట్లాడుకునే పద్ధతి మాత్రం అన్ని కంపెనీలూ ఒప్పుకున్న స్టాండర్డ్. అందులో ఒక ముక్క మీద ఒక కంపెనీకి పేటెంట్ ఉంది. దాన్ని వాడేవాళ్ల మీద కేసు వెయ్యబోమని వెబ్‌సైట్‌లో రాసింది. పెద్దమనుషుల మాట కదా అని నమ్మాను.

ఇంతలో ఆ కంపెనీ పేటెంట్లు అమ్మకానికి పెట్టిందని తెలిసింది. వెబ్‌సైట్లో మళ్లీ చదివితే ఎక్కడ చూసినా 'మేము' అనే ఉంది. కొన్నవాడి ఊసే లేదు. రేపు వాడు నోటీసు పంపితే, కాఫీ సీజన్ మధ్యలో పెట్టెలన్నీ ఆపెయ్యాలి. నాకు ఒళ్లు మండింది.

ఆ వారమే నాన్న చెట్టు బేరం తెగింది. కొన్నాయన డబ్బు చేతిలో పెట్టబోతే నాన్న పుచ్చుకోలేదు. ఊరివాళ్లందర్నీ చెట్టు కిందకి పిలిపించాడు.

"నా మాట నాతోనే పోతాది. సెట్టు నీకాడికి వత్తంది, మాట కూడా తీసుకో," అన్నాడు.

కొన్నాయన కాస్త నసిగాడు. చివరికి అందరి దొప్పల్లోనూ తన చేత్తో కల్లు పోసి, అదే మాట తనూ అన్నాడు. అప్పుడు గానీ నాన్న డబ్బు ముట్టుకోలేదు.

ఆ రోజే కంపెనీకి రాశాను, కొనేవాడు కూడా ఆ మాటకి కట్టుబడాలని అమ్మకం కాగితాల్లోనే పెట్టమని. ఎంతో తియ్యగా జవాబిచ్చారు: కొన్నవాళ్లకి తప్పకుండా గుర్తుచేస్తారట. నాన్నకి చదివి వినిపించాను.

"అమ్మేసినాక గుర్తుసేత్తే ఏటి లాబం?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ప్రోగ్రాంలోంచి ఆ కంపెనీ ముక్క పీకేసి, పేటెంట్ గడువు ఎప్పుడో తీరిపోయిన పాత పద్ధతి పెట్టాను. అది నెమ్మది. కబురు ఒక్కోసారి ఆలస్యమవుతుందని, ఎందుకవుతుందో కూడా ఆడవాళ్లకి ముందే చెప్పాను. సరే అన్నారు. అయినా సీజన్లో ఒక మధ్యాహ్నం కబురు కంటే వాన ముందొచ్చింది. సగం గింజలు తడిసిపోయాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అమ్మ తిట్టలేదు, వాన వెలిశాక గింజలు మళ్లీ ఎండలో పరుస్తూ, "నెమ్మదైతే నెమ్మది. ఎవుడూ వొచ్చి ఆపెయ్యడు కదా," అంది.

మర్నాడు పొద్దున చేనికి వెళ్తుంటే జీలుగు చెట్టు దగ్గర జనం కనబడ్డారు. వాళ్ల వెనకాల ఆకుదొప్ప పట్టుకుని మా నాన్న నిలబడి ఉన్నాడు. ఆయన వంతు వచ్చింది. కొన్నాయన దొప్ప నిండా కల్లు పోశాడు.