మా బూత్‌లో నూట ఇరవై రెండు శాతం

ఎలక్షన్ డ్యూటీకి పోయి తిట్లు తిన్నవాళ్లను చూసి ఉంటారు. ఊళ్లో ఉన్న ఓటర్ల కంటే ఎక్కువ మంది చేత ఓట్లేయించిన మనిషిని చూశారా? ఇదిగో, మీ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు! నవ్వితే నవ్వండి గానీ, మొన్న నా ఉద్యోగం ఊడినంత పనయి మళ్లీ అతుక్కుంది. అతికించిన మహాతల్లి గురించి చెప్పాలనే ఇదంతా.

డ్యూటీ వరికుంటపాడు అవతల ఒక పల్లెలో పడింది. ఉదయగిరిలో సోషల్ చెప్పుకునే నేను ప్రిసైడింగ్ ఆఫీసర్ని. లిస్టులో ఓటర్ల పేర్లు వెతికే పని మార్తమ్మ టీచర్‌ది. ఆత్మకూరులో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతారామె. మనిషి సన్నగా ఉంటారు, గొంతు మాత్రం వెనక బెంచీ దాకా పోతుంది.

ఎంత పోలింగ్ అయిందో మధ్యమధ్యలో పైకి చెప్పాలి కదా. బయట ఒక కానిస్టేబుల్ వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని నిలబడ్డాడు. పొద్దున మార్తమ్మ టీచర్ శాతం కట్టి ఇస్తే, నేనే కట్టినట్టు గంభీరంగా చదివాను. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. అన్నం ఇంకా రాలేదు. కానిస్టేబుల్ తలుపు దగ్గరికొచ్చాడు.

"సార్, ఫిగరు! పైన అరుస్తా ఉండారు. తొందరగా చెప్పండి సార్!"

చూస్తే మార్తమ్మ టీచర్ ఒక అవ్వతో తంటాలు పడుతున్నారు. అవ్వకు ముద్దుపేరు తప్ప అసలు పేరు గుర్తులేదు. పాపం, టీచర్‌ను కదిలించడమెందుకు, నేను మాత్రం బడికి పోలేదా అనుకున్నాను. కొంప మునిగింది అక్కడే!

మగవాళ్లు నాలుగొందలు. ఓటేసింది రెండొందల ఎనభై. డెబ్బై శాతం. కరెక్టే! ఆడవాళ్లు ఐదొందలు. ఓటేసింది రెండొందల అరవై. యాభై రెండు శాతం. అదీ కరెక్టే! ఇంత చక్కగా వచ్చిన రెండంకెలను విడివిడిగా ఎందుకు వదలాలి? కూడేశాను.

"రాసుకో. నూట ఇరవై రెండు పర్సెంటు!"

ఆ కానిస్టేబుల్ అయినా ఆగాడా? "వన్ టూ టూ పర్సెంట్, ఓవర్" అని ఊరంతా వినపడేట్టు చెప్పాడు. అటువైపు నుంచి, "మళ్లీ చెప్పు" అన్నారు. మళ్లీ చెప్పాడు. ఇంకా గట్టిగా.

లోపల పార్టీల ఏజెంట్లు ఇద్దరు ఉన్నారు కదా, ఒకాయన చటుక్కున లేచాడు. "అయ్యోరా, నూటికి నూట ఇరవై రెండా! ఆ ఎక్కువ ఓట్లు ఎవరేసినారు?" రెండో ఆయన మాత్రం మీసం మీద చెయ్యేసుకుని, "మావోళ్లు గట్టిగా తిరిగినార్లే" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. ఏం లాభం? అప్పటికే మట్టిరోడ్డు మీద జీపు దుమ్ము కనపడుతోంది.

జోనల్ ఆఫీసరు, వెనక ఎస్సై. దిగడం దిగడమే కేక.

"ఎవరయ్యా ప్రిసైడింగ్ ఆఫీసరు? శ్మశానం నుంచి గూడా తోలకొచ్చినారా జనాన్ని? ఆపండి పోలింగు! రీపోలింగ్‌కి రాస్తా. నిన్ను సస్పెండ్ చేయిస్తా!"

చెబుదామంటే 'కూడాను సార్, కూడాను సార్' అనే మాట తప్ప రావడంలేదు. ఎవర్ని కూడగట్టానో అని ఎస్సై నన్ను అదోలా చూశాడు. బయట క్యూలో ఆడవాళ్లు గోల. "ఏందయ్యా ఇది? కూలి మానుకోని వచ్చినాము, మళ్లా రమ్మంటారా?"

అప్పుడు లేచారు మార్తమ్మ టీచర్. నా కాగితం తీసుకుని ఒక్కసారి చూశారు. "సార్, సస్పెండ్ చేసే ముందు రెండు నిమిషాలు కూర్చోండి" అన్నారు. ఆ గొంతుకు ఆఫీసరు నిజంగా కూర్చున్నాడు! పిల్లల బెంచీ మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు. బూత్ అంటే బడి గదే కదా, బోర్డు ఉంది, సుద్దముక్క దొరికింది.

"చెంబులో సగం నీళ్లుండాయి. బిందెలో సగం నీళ్లుండాయి. యాభై, యాభై కూడి నిండా నూరు అంటే, ఏది నిండినట్టు సార్? చెంబా, బిందా?"

ఆఫీసరు బెంచీ మీద సర్దుకున్నాడు.

"నూటికి అనంగానే, దేంట్లో నూటికి అని అడగాల. మగోళ్ల డెబ్బై మగోళ్లలో. ఆడోళ్ల యాభై రెండు ఆడోళ్లలో. సారు రెండూ కూడేసినాడు. అంతే జరిగింది."

"అయితే కూడి రెండుతో భాగించాలి కదమ్మా. అరవై ఒకటి" అన్నాడు ఆఫీసరు, నా కంటే తెలివైనవాణ్ణని.

"చెంబు నిండా ఉండి బింద ఖాళీగా ఉంటే, ఇంట్లో సగం నీళ్లున్నట్టా సార్?"

"యాడుండాయి నీళ్లు!" అని క్యూలోంచి ఎవరో అన్నారు. గొల్లున నవ్వులు. మార్తమ్మ టీచర్ బోర్డు మీద రాశారు. ఓటేసినోళ్లు మొత్తం ఐదొందల నలభై. ఓటర్లు మొత్తం తొమ్మిదొందలు. నూటికి అరవై.

"ఒక్క శాతమే కదమ్మా తేడా!"

"ఆ ఒక్క శాతం తొమ్మిది మంది సార్. ఎండలో నిలబడకుండానే ఓటేసినట్టయ్యేటోళ్లు."

ఆఫీసరు బెంచీ మీదనుంచి లేచాడు. బ్యాలెట్ పుస్తకాల్లో ఎన్ని చింపామో నంబర్లు చూశాడు. ఐదొందల నలభై! ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. "కానివ్వండి పోలింగు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా చెబుతున్నా. కోపంతో ఊగుతున్న ఆఫీసర్ని కూర్చోబెట్టి ఏడో తరగతి లెక్క చెప్పడం మనలో ఎంతమందికి చేతనవుతుంది?

సాయంత్రం పెట్టె సీలేసి ఆత్మకూరుకు లారీలో వస్తూ అడిగాను, "టీచరమ్మా, పిల్లలకు కూడా ఈ చెంబూ బిందేనా?"

"మరి? ఇంట్లోనుంచి మోసుకుపోతా. పోయినేడు ఒకడు బింద తన్నేసినాడు, క్లాసంతా నీళ్లు! సున్నా శాతం అంటే ఏందో ఆ రోజు నేను చెప్పకనే అందరికీ తెలిసింది."

నాకు ఏడో తరగతిలో ఈమె దొరక్కపోయారే అనిపించింది.

పెట్టెలు అప్పజెప్పే చోట టేబుల్ దగ్గర ఫారంలో ఆఖరి పోలింగ్ శాతం వేయాలి. పెన్ను ఆమెకే ఇచ్చాను. తీసుకోలేదు. "మీరే వేయండి సార్" అని పక్కన నిలబడ్డారు. వెనక ప్రిసైడింగ్ ఆఫీసర్ల లైను, విసుగులు. ఓటేసినవాళ్లు మొత్తం ఆరొందల నలభై ఎనిమిది.

"దేంట్లో?" అన్నారామె మెల్లగా.

"మొత్తం తొమ్మిదొందల్లో, టీచర్."

డెబ్బై రెండు అని వేశాను. వేసీ వేయగానే ఆమె చేతిలో ఎర్రపెన్ను ఆ అంకె పక్కన సర్రున ఒక రైటు కొట్టింది!

టేబుల్ దగ్గరి ఆఫీసరు ఉలిక్కిపడ్డాడు. "ఏందమ్మా ఇది? గవర్నమెంటు ఫారం మీద రైటు మార్కా!"

"అలవాటు సార్" అని నాలుక్కరుచుకున్నారు మార్తమ్మ టీచర్.

ఆయన కొట్టేయబోతుంటే నేనే ఫారం మీద చెయ్యి అడ్డంపెట్టాను. "ఉంచండి సార్! పుట్టి బుద్ధెరిగినాక లెక్కల్లో నాకు పడిన రైటు అదొక్కటే!"